ఎనిమిదవ బొమ్మ

రెండువేల ఇరవైమూడవ సంవత్సరం జూలై పద్దెనిమిదవ తేదీ, మంగళవారం, అధిక శ్రావణం ప్రవేశించిన దినం. ఉదయం ఏడు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుండగా సత్యారావు మొదటిసారి నూకమ్మ టిఫిను కొట్టు మెట్టెక్కినాడు. రాత్రంతా కురిసిన వాన అప్పటికి తుంపరగా మారి ఉన్నది. భిలాయి సెక్టారు మార్కెట్టు రేకుల కప్పుల అంచులనుండి నీళ్ళు ఇంకా ధార కడుతున్నవి. ఉక్కు కర్మాగారం వైపు ఆకాశం ఎప్పటివలెనే ఇటుకరంగులో ఉన్నది.

అతడు రెండు ఇడ్లీలు, ఒక పెసరట్టు అడిగినాడు. వచ్చినవి నాలుగు పూరీలు.

కౌంటరు దగ్గర కూర్చున్న భాగ్యరేఖ నెత్తి కొట్టుకున్నది. ఆమె నూకమ్మకు తోడికోడలు. పుట్టినది, పెరిగినది, చదివినది అంతా భిలాయిలోనే.

"అరే, యే క్యా! అక్కా! పూరీ కాదు! ఇడ్లీ! ఇడ్లీ!" అని వంటింటి గోడలోని కంతలోనికి నోరు పెట్టి అరిచినది.

"ఆఁ? ఇంకో రెండా? ఏస్తన్నానమ్మా, నూనె కాగొద్దేటి?" అని లోపలినుండి సమాధానం వచ్చినది.

బల్లల దగ్గరివారందరూ నవ్వినారు. సత్యారావు నవ్వలేదు. "ఉండనీ అమ్మాయ్, పూరీలే బాగున్నాయి" అని వాటిని తినడం మొదలుపెట్టినాడు. ఇంతలో వంటింటి తలుపు దగ్గర ఒక ముఖం కనిపించినది. చెంగుతో చెమట తుడుచుకుంటూ, యాభైయేడేళ్ళ నూకమ్మ, అతని పళ్ళెం వంకా అతని ముఖం వంకా మార్చి మార్చి చూసినది.

"మీరడిగింది పూరీ కాదు గదా బాబూ?"

"కాదులెండి."

"ఏటడిగినారు?"

అతడు నోటితో చెప్పక, అరచేతిని బల్లమీద పరచి, మరొక చేత్తో దానిపై పిండి గుండ్రంగా తిప్పినట్లు చూపినాడు. ఆమె ముఖం విప్పారినది. కొద్దిసేపటికి పెసరట్టు, అల్లం పచ్చడి తానే తెచ్చి పెట్టి, "మీరు బాగా సెప్పినారు. ఈ పిల్ల కేకలేత్తాది గానీ సెప్పనేరదు" అన్నది.

వారిద్దరి పరిచయం ఈ విధంగా కలిగినది.

సత్యారావు రైల్వేలో ఎలక్ట్రిక్ ఇంజను నడిపి ఉద్యోగ విరమణ చేసినవాడు. అతని తండ్రి ఆమదాలవలస ప్రాంతంనుండి వచ్చి భిలాయి యార్డులో కలాసీగా కుదురుకున్నాడు. కొడుకు అసిస్టెంటుగా చేరి, డ్రైవరై, దల్లీ రాజహరా గనులనుండి ఇనుపరాయి బండ్లను కర్మాగారానికి తెచ్చే పనిలో యౌవనమంతా గడిపినాడు. భిలాయి-3 అనే పేటలోని చిన్న యింటిలో భార్య పోయిన తరువాత ఒంటరిగా ఉంటున్నాడు. ఆదివారం తెలుగువారి చర్చిలో ప్రార్థన, మిగిలిన దినాలలో చేతికి దొరికిన పని. ఇదే అతని కాలక్షేపం.

ఆ చేతిపనిని అతనికి అలవాటు చేసినది రాయపూరులో ఉంటున్న కుమార్తె మేఘన. విరమణ రోజున ఆమె ఒక అట్టపెట్టె బహూకరించినది. అందులో, రాసి ఇచ్చిన ఆజ్ఞల ప్రకారం పనిచేసే, అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ బోర్డు, రంగురంగుల తీగలు, బొత్తాలు, రెండు వరుసల అక్షరాలు చూపే చిన్న డిస్‌ప్లే పలక ఉన్నవి. ఫోనులో పాఠాలు చూసి నేర్చుకుని సత్యారావు అనేక యంత్రాలు తయారుచేసినాడు. కరివేపాకు కుండీలో తడి ఎంత ఉన్నదో చెప్పే యంత్రం ఒకటి. డాబా మీది నీళ్ళ ట్యాంకు నిండినదో లేదో చెప్పే యంత్రం ఇంకొకటి. అయితే దానిని చదవడానికి డాబా ఎక్కవలసి ఉండేది. వాటిలో ఏదియు ఎవరికిని అవసరమైనది కాదు. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు.

మరునాడు కూడా అతడు కొట్టుకు వచ్చినాడు. ఆ మరునాడూ వచ్చినాడు. అలా వస్తూండగా కొట్టులోని కష్టం అతనికి అర్థమైనది.

నూకమ్మ భర్త కర్మాగారపు కోక్ ఓవెన్లలో పనిచేస్తూ ఉద్యోగంలో ఉండగానే గతించినాడు. అప్పటినుండి ఈ కొట్టే ఆమెకు ఆధారం, ఈ పొయ్యే ఆమెకు లోకం. ఇప్పుడు చెవులు మొరాయిస్తున్నవి. చెవిలో పెట్టుకునే మిషను కొనకపోలేదు. కాని దానితో పొయ్యి దగ్గర నిలిస్తే నూనె చిటపటలు, పొగ లాగే ఫ్యాను హోరు, మిక్సీ రొద అన్నీ ఒక్కటై తుపానువలె వినిపించినవి. ఆమె దానిని ఊడదీసి పోపులపెట్టెలో ఆవాల గిన్నె పక్కన పెట్టినది. చీటీ రాసి పంపుదామంటే భాగ్యరేఖకు తెలుగు రాయడం రాదు. నూకమ్మకు హిందీ చదవడం రాదు. కంతలోనుండి చేతి సైగలు చేద్దామంటే ఆవిరిలో రెండు వేళ్ళు మూడుగా కనబడుతున్నవి. ప్రతిదినం పళ్ళేలు తారుమారవుతున్నవి, వచ్చినవారిలో కొందరు తిరిగి రావడం మానినారు.

ఒకనాడు బేరం సద్దుమణిగిన తరువాత భాగ్యరేఖ మాట తెగేసి చెప్పినది. సత్యారావు అప్పటికింకా టీ తాగుతూనే ఉన్నాడు.

"చూడక్కా, సెప్టెంబరులో విశ్వకర్మ పూజ దాకా చూద్దాం. ఆ తర్వాత ఉతై ఊరినుంచి ఒక వంటమనిషిని తెస్తాను. నువ్వు ఇంటికాడ ఆరాంగా కూర్చో. ఇన్నాళ్ళు చేసినావు గదా, బస్."

ఆమె దగ్గరగా, నిదానంగా చెప్పినందున నూకమ్మకు ప్రతి మాటా వినబడినది.

"ఇంటికాడ కూకుని నానేటి సెయ్యాలి? గోడల్ని ఏయించాలా?"

"నిన్ను వెళ్ళగొడుతున్నానా? నీ మంచికే చెప్తున్నా."

"నువ్వు మంచికే సెప్తావమ్మా. ఎప్పుడూ మంచికే సెప్తావు" అని నూకమ్మ గరిటె తీసుకుని లోపలికి వెళ్ళిపోయినది.

భాగ్యరేఖ కళ్ళలో నీళ్ళు తిరగడం సత్యారావు చూసినాడు. ఆమె చెడ్డది కాదు. కొట్టు మునిగిపోతే ఇద్దరూ మునిగిపోతారన్న భయం ఆమెది. అతడు గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "అమ్మాయ్, కేక వెయ్యకుండా లోపలికి ఆర్డరు పంపే సాధనం ఒకటి చేస్తాను. పూజ లోపల ఇస్తాను. అంతవరకూ ఆ వంటమనిషి మాట తలపెట్టకు" అన్నాడు.

"డబ్బా లాంటిదా బాబాయ్?"

"డబ్బా లాంటిదే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అట్టపెట్టె ముందు కూర్చున్నప్పుడు, రాజహరా కనుమలో మొదటిసారి ఒంటరిగా బండిని దింపిన రోజున కలిగిన బెరుకు అతనికి మళ్ళీ కలిగినది.

ఆలోచన సులభమైనదే. కౌంటరు దగ్గర బోర్డు, దానికి బొత్తాలు. భాగ్యరేఖ బొత్తం నొక్కితే లోపల పొయ్యి పైగోడకు తగిలించిన పలకమీద వంటకం బొమ్మ, దాని పక్కన అంకె కనబడాలి. ఆ పలకకు తెలుగు అక్షరాలు రావు. కాని మనకు కావలసిన ఆకారాలను చుక్కలతో గీసి దానికి నేర్పవచ్చును; అటువంటివి ఎనిమిది మాత్రమే అది గుర్తుంచుకోగలదు. ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా ఐదు చుక్కలు, నిలువుగా ఎనిమిది. అందులోనే ఇడ్లీ ఇమడాలి, అందులోనే ఉప్మా ఇమడాలి.

సత్యారావు గళ్ళ కాగితంమీద పెన్సిలుతో గీసి తెచ్చి నూకమ్మకు చూపినాడు.

"ఇదేటి డ్రైవరుబాబూ, తాబేలా?"

"ఇడ్లీ అండి."

"ఇడ్లీకి కాళ్ళెందుకొచ్చినాయి?"

"అవి కాళ్ళు కావు, ప్లేటు."

"ప్లేటు తీసీండి. నా ఇడ్లీని నాను ప్లేటు లేకండానే పోల్చుకుంటాను."

ప్లేటు తీసివేసినాడు. వడకు మధ్య చిల్లి ఉంచినాడు. దోసెకు మూడు మూలలు, పెసరట్టు మడతమీద ఉల్లిపాయ చుక్క, పూరీకి ఉబ్బు, ఉప్మాకు గుట్ట, దిబ్బరొట్టెకు మందం. ప్రతి బొమ్మనూ ఆమె కళ్ళెగరేసి పరీక్షించి, కొన్నింటిని తిరిగి గీయించి, చివరకు ఏడింటిని ఆమోదించినది.

"ఎనిమిదోది ఏటి?"

"ఖాళీగా ఉంది. మీరేదైనా కొత్తది వండితే పెడతాను."

"నాను ఏడే వొండతాను."

"అయితే ఖాళీగానే ఉంటాది."

ఇంటి బల్లమీద ఆ సాధనం చక్కగా పనిచేసినది. బొత్తం నొక్కగానే బొమ్మ, బొమ్మ పక్కన అంకె. బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలించి, బోర్డునుండి నాలుగు పొట్టి తీగలు పలకకు ఇచ్చినాడు. వాటిలో రెండు కరెంటుకు, రెండు మాటకు.

కొట్టుకు తెచ్చినప్పుడు మాత్రం ఒక మార్పు చేసినాడు. కౌంటరుకు పొయ్యికి నడుమ గోడ ఉన్నది, దూరం ఉన్నది. అంత దూరం సన్నని తీగలో కరెంటు పంపడమెందుకు? వంటింట్లో మిక్సీ పక్కనే ప్లగ్గు ఉన్నది. కాబట్టి కౌంటరు దగ్గర బోర్డుకు ఒక ఫోను ఛార్జరు, లోపల పలకకు ఇంకొక ఛార్జరు ఏర్పాటుచేసి, ఆ రెండింటి నడుమ మాట మోసే రెండు తీగలను మాత్రమే గోడ కంతగుండా లాగినాడు. ఏర్పాటు పొందికగా ఉన్నదని అతనికి సంతృప్తి కలిగినది.

ఆగస్టు చివరి ఆదివారం. ప్రార్థన ఎగవేసి ఉదయమే వచ్చినాడు. కొట్టు కిటకిటలాడుతున్నది. భాగ్యరేఖ బొత్తం నొక్కినది. లోపల పలక ఆకుపచ్చగా వెలుగుతున్నది. కాని దానిమీద ఏమీ లేదు. మళ్ళీ నొక్కినది. అయినా లేదు.

ఇంతకుముందొక రోజు సత్యారావు టీ తాగుతూ రైలు కబుర్లు చెప్పినప్పుడు, "సిగ్నలు అసలు ఎలగకపోతే ఏటి సేస్తారు?" అని నూకమ్మ అడిగినది. "వెలగని సిగ్నలు ఎర్ర సిగ్నలే. బండి ఆపెయ్యడమే" అని అతడు చెప్పినాడు. ఇప్పుడు ఆమె పలక వంక చూసి, గరిటె కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడినది.

"అక్కా! ఏటి చేస్తన్నావ్? బయట పబ్లిక్ ఖడీ హై, నిలబడున్నారు!" అని భాగ్యరేఖ తలుపులో నిలిచి చేతులు ఊపినది.

"బండి ఆగిపోయింది. సిగ్నలు లేదు."

"ఏం సిగ్నలు!"

"డ్రైవరుబాబే సెప్పినారు. రూలు రూలే."

సత్యారావు సిగ్గుపడి నవ్వినాడు. ఆమె కూడా నవ్వుతున్నది. కాని చేతులు కట్టుకోవడంలో వేళ్ళు మోచేతులను గట్టిగా పట్టుకొని ఉన్నవి. అది అతడు గమనించినాడు.

ఆ పూట కేకలతోనే గడిచినది. బేరం తగ్గిన తరువాత మరమ్మతు మొదలైనది.

ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ ప్రతి సిగ్నలును నోటితో చెప్పుకోవలెనని నియమం. ఒకరు రంగు పలికితే రెండవవారు తిరిగి పలకాలి. కంటికి కనిపించినది మనసుకు ఎక్కినదని అప్పుడే నమ్మకం. సత్యారావుకు ఆ అలవాటు పోలేదు. భాగ్యరేఖను పక్కన నిలబెట్టి పలికించసాగినాడు.

"ఎర్ర తీగ, ఐదు వోల్టులు!"

"ఎర్ర తీగ, ఐదు వోల్టులు!"

"పచ్చ తీగ, నాలుగో పిన్ను!"

"పచ్చ తీగ, నాలుగో పిన్ను! బాబాయ్, అందరూ చూస్తన్నారు."

"చూడనీ. పసుపు తీగ, ఐదో పిన్ను!"

"ఇదేటమ్మా, నా వంటింట్లోంచి రైలెళ్తన్నాదేటి?" అన్నది నూకమ్మ. మాటలు వినబడకపోయినను, ఇద్దరి పెదవులు ఒకటే తీరున కదలడం చూసి ఆమెకు నవ్వు వచ్చినది.

తీగలు సరిగానే ఉన్నవి. పలక వెనుక ఒక నీలిరంగు చిన్న మర ఉంటుంది. అక్షరాల నలుపును హెచ్చించేది, తగ్గించేది అదే. దారిలో అది కదిలినదేమోనని సత్యారావు చిన్న స్క్రూడ్రైవరుతో దానిని మెల్లగా తిప్పినాడు. పై వరుసలో నల్లని గళ్ళు ఒకదాని పక్కన ఒకటి తేలినవి.

"వొచ్చింది!" అన్నది నూకమ్మ. తరువాత దగ్గరగా చూసి, "బర్ఫీ ముక్కల్లాగున్నాయి. నా కొట్లో బర్ఫీ లేదు గదా బాబూ."

"అవి బొమ్మలు కావండి" అని అతడు వేలితో చూపుతూ, ఆమె ఎదుట నిలబడి నిదానంగా వివరించినాడు. "దీనికి కరెంటు అందింది. అందుకే వెలుగుతోంది. కాని అక్కడినుంచి మాట అందలేదు. మాట అందకపోతే ఈ గళ్ళు చూపిస్తూ ఊరకుంటాది."

ఆమె చెంగుతో పలకమీది ఆవిరి తుడిచినది.

"అంటే, దానికీ నాలాగే ఇనబడదన్నమాట."

సత్యారావు సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళినాడు.

ఆ తరువాత మూడు వారాలు అతనికి అదే ధ్యాస అయినది. పలకను ఊడదీసి కౌంటరు దగ్గరకు తెచ్చి నాలుగు తీగలతో బోర్డుకు తగిలిస్తే ఇడ్లీ, వడ చక్కగా వచ్చినవి. మళ్ళీ వంటింటి గోడకు పెడితే బర్ఫీ ముక్కలే. దూరం వలన మాట నీరసిస్తున్నదేమోనని లావు తీగలు వేసినాడు. మిక్సీ రొద తీగలోనికి చొరబడుతున్నదేమోనని దానిని దూరం జరిపించినాడు. ఆవిరి తగులుతున్నదేమోనని పలకను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అమర్చినాడు. బోర్డులోని ప్రోగ్రామును తిరగరాసి, మాట వేగం తగ్గించినాడు. ఏదీ ఫలించలేదు.

"బాబాయ్, కౌంటరు దగ్గర చదవడం నాకూ వచ్చు. అది వంటింట్లో చదవాలి" అని భాగ్యరేఖ ఎత్తిపొడిచినది. మరుక్షణమే నొచ్చుకుని అతడు అడగకుండానే ఇంకో వడ వేసి ఇచ్చినది.

సెప్టెంబరు రెండవ వారంలో, పూజ లోపల పని నేర్చుకోనిమ్మని భాగ్యరేఖ పిలిపించిన వంటమనిషి ఛాయ ఉతైనుండి వచ్చినది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల, ఛత్తీస్‌గఢీ తప్ప తెలుగు ముక్క రాదు. పనితనం మాత్రం గొప్పది. నూకమ్మ ఆమెకు పిండి ఎంత పులవాలో, పెనం ఎంత కాగాలో సైగలతో చూపించినది. ఛాయ ఒక్కసారి చూసి పట్టుకున్నది. మంచి పిల్ల, పెద్దావిడ చేతినుండి బరువైన గిన్నె తానే అందుకున్నది. ఆ మంచితనమే నూకమ్మకు భరించడం కష్టమైనది. కోపగించుకోవడానికి ఎవరూ లేకపోయినారు.

"పూజనాడు గరిటెకి బొట్టెట్టి ఆ పిల్ల సేతికి ఇచ్చేస్తాను. మీరు బెంగెట్టుకోకండి డ్రైవరుబాబూ. మీ డబ్బా ఎలిగింది గదా, అంతే సాలు" అని ఆమె శనివారంనాడు చెప్పినది. తనను ఓదార్చడం ఆమె వంతు అయినందుకు సత్యారావు ఇంటికి పోయేదాకా తల ఎత్తలేదు.

పదిహేడవ తేదీ ఆదివారం విశ్వకర్మ పూజ, పనిముట్లను కొలిచే పండుగ. లోకో షెడ్డులో ఆనాడు ఇంజనులన్నింటినీ కడిగి దండలు వేసేవారు. సత్యారావు యేసును కొలిచేవాడైనా, ఉద్యోగంలో ఉన్నంతకాలం తన ఇంజనును తానే కడిగినాడు. విరమించిన తరువాత ఆ మర్యాద స్కూటరుకు దక్కుతున్నది. శనివారం సాయంత్రం దానిని పైపుతో ఎంత శ్రద్ధగా కడిగినాడంటే, ఆదివారం ఉదయం అది ఎన్ని తన్నులు తన్నినా కదలలేదు. చేసేది లేక సంచి భుజాన వేసుకుని స్టేషనుకు నడిచినాడు. పవర్‌హౌసు స్టేషనులో దిగి ఆటో ఎక్కుదామని అతని ఆలోచన.

లోకల్ బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర బెంచీమీద కూర్చున్నాడు. కింద పట్టాల దగ్గర ట్రాకు మనుషులు ఇద్దరు పనిచేస్తున్నారు. పండుగ పూట కాబట్టి సుత్తికి కుంకుమ బొట్టు ఉన్నది. రెండు పట్టాలు కలిసేచోట లావుపాటి తీగముక్క ఒకదానిని ఈ పట్టానుండి ఆ పట్టాకు బిగిస్తున్నారు.

"క్యా హువా భయ్యా?"

"బాండ్ కాట్ కే లే గయా కోయీ, సాబ్" అన్నాడు ఒకడు. "పట్టాల తీగ ఎవరో కోసుకుపోయినారు. రాగి గదా, వదులుతారేటి?" అని రెండవవాడు తెలుగులోనే ముగించినాడు.

సత్యారావు ఆ తీగ వంక చూస్తూ ఉండిపోయినాడు.

తాను నడిపిన ఇంజనుకు పైన ఒకటే తీగ. కరెంటు దానినుండి దిగి, ఇంజనును నడిపి, చక్రాలగుండా పట్టాలలోనికి చేరి, పట్టాల వెంబడే తిరిగి తన చోటికి పోతుంది. రైల్వే శిక్షణశాలలో ఈ విషయం నేర్చినాడు, పరీక్షలో రాసినాడు. కాని బండి నడిపిన అన్ని సంవత్సరాలలో అతని చూపు పైతీగమీద, ముందున్న సిగ్నలుమీద ఉండేదే గాని, తిరుగుదారి సంగతి ఎన్నడూ తలపెట్టవలసిన అగత్యం కలుగలేదు. అది తనంతట తానే ఉండేది. పట్టా పట్టాకూ నడుమ ఎవరో వంగి కూర్చుని దానిని కలుపుతూ వచ్చినారు కాబట్టి ఉండేది.

వంటింటి పలకకు ఒక ఛార్జరు, బోర్డుకు ఇంకొకటి. రెండూ ఒకే ఇంటి కరెంటులో ఉన్నవి గదా, తిరుగుదారి ఒకటే అయి ఉంటుందని అతడు ఆలోచించకుండానే నమ్మినాడు. కాని ఛార్జరు లోపల గోడ కరెంటుకు, బయటకు వచ్చే ఐదు వోల్టులకు సంబంధం తెగి ఉంటుంది. ఆ రెండూ వేరువేరు ద్వీపాలు. బోర్డు పంపిన మాట రెండు తీగలమీద పలకదాకా పోతున్నది. తిరిగి రావడానికి దారి లేక అక్కడ అర్థం లేని వణుకుగా మిగిలిపోతున్నది. ఇంటి బల్లమీద, కౌంటరు దగ్గర పనిచేయడానికి కారణం, అక్కడ నాలుగో తీగగా నల్ల తీగ ఉండడమే. వంటింటికి తీసుకువెళ్ళిన ప్రతిసారీ దానిని పొదుపుగా తీసివేసినది తన చేతులే.

"ఓరి నా బుద్ధీ!" అని అతడు బిగ్గరగా అన్నాడు. ట్రాకు మనిషి తలెత్తి చూసినాడు. బండి వచ్చినది.

కొట్టు చేరేసరికి ఎనిమిదిన్నర. పొయ్యికి, రుబ్బురోలుకు, మిక్సీకి పసుపు కుంకుమలు పెట్టి ఉన్నవి. గరిటె ఒక పీటమీద బంతిపూల నడుమ ఉన్నది. ఛాయ కొత్త ఏప్రను కట్టుకుని పక్కన నిలబడినది. నూకమ్మ పీట ముందు చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉన్నది.

సత్యారావు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, సంచిలోనుండి నల్ల తీగచుట్ట తీసినాడు. ఒక కొనను పలక వెనుక గ్రౌండు, అంటే తిరుగుదారి పిన్నుకు చుట్టి టేపు వేసినాడు. రెండవ కొనను కంతలోనుండి కౌంటరు వైపు తోసినాడు.

"అమ్మాయ్! నల్ల తీగ, గ్రౌండు!"

"అబ్బ, పూజ రోజు కూడానా బాబాయ్?"

"పలుకు!"

"నల్ల తీగ, గ్రౌండు!" అని పలికి ఆమె బోర్డులోని పిన్నుకు గుచ్చినది. అతడు రెండు ప్లగ్గులూ తీసి మళ్ళీ పెట్టించినాడు.

బర్ఫీ ముక్కలు మాయమైనవి. పలక ఖాళీగా, శుభ్రంగా వెలిగినది.

భాగ్యరేఖ అక్కడ ఏ బొత్తాలు నొక్కాలా అని ఒక్క క్షణం ఆగి ఉంటుంది. నూకమ్మ కళ్ళు తెరిచే వేళకు పలకమీద కాళ్ళు లేని తాబేలు ఒకటి, దాని పక్కన రెండు అంకె. కింది వరుసలో మడతమీద చుక్క ఉన్న పెసరట్టు, దాని పక్కన ఒకటి అంకె కనిపించినవి.

ఆమె పలకను చూసినది. సత్యారావును చూసినది. మళ్ళీ పలకను చూసినది.

"ఇడ్లీ రెండు. పెసరట్టు ఒకటి" అని పైకి చదివినది.

"ఇడ్లీ రెండు, పెసరట్టు ఒకటి" అని సత్యారావు తిరిగి పలికినాడు. అలవాటు.

"ఇది ఆ వోన రోజు మీరడిగింది గదా?"

అతడు తల ఊపినాడు.

"ఇయ్యాలందిందా నాకు! రెండు నెలలు లేటు. అచ్చం మీ రైళ్ళలాగే ఉంది" అన్నది. చెంగుతో కళ్ళు అద్దుకుని, పీటమీది గరిటెను పూలతో సహా చేతిలోకి తీసుకున్నది. ఛాయ వైపు ఒక్కసారి చూసి, గరిటె ఆమెకు ఇవ్వలేదు. పూరీ పిండి గిన్నె ఇచ్చినది. ఛాయ నవ్వి పిండి కలపడానికి కూర్చున్నది.

బయట భాగ్యరేఖ వరసగా బొత్తాలు నొక్కుతున్నది. ఆ పూట ఆ కొట్టులో ఎవరూ కేక వేయలేదు.

ఛాయ ఉతైకి తిరిగి వెళ్ళలేదు. పూరీలు, వడలు ఆమె వంతు, పెనం నూకమ్మది. తెలుగులో తిట్లు ముందుగా నేర్చుకున్నది, వంటకాల పేర్లు తరువాత. భాగ్యరేఖ కౌంటరు దగ్గరే ఉన్నది. రద్దీ రోజులలో తీగల రంగులు తనలో తాను చెప్పుకుంటూ ఉంటుందని వచ్చేవారు నవ్వుకుంటారు.

నూకమ్మకు రెండువేల ఇరవైనాలుగు వేసవినాటికి రెండు చెవులూ పూర్తిగా పోయినవి. ఆమె పని ఆగలేదు. ఆవిరికి మొదటి పలక పాడైతే సత్యారావు రెండవది పెట్టినాడు. నల్ల తీగ మాత్రం మొదటిదే. ఆ సంవత్సరం విశ్వకర్మ పూజనాడు ఆమె గరిటెతోపాటు దానికి కూడా బొట్టు పెట్టినది.

ఎనిమిదవ బొమ్మను ఆమెయే అడిగి పెట్టించుకున్నది. అది టీ గ్లాసు. అది వంటకాల జాబితాలో లేదు. సత్యారావు మెట్టెక్కినప్పుడు భాగ్యరేఖ దానిని నొక్కుతుంది. నూకమ్మ పెనం ఛాయకు అప్పగించి, రెండు గ్లాసులతో బయటకు వచ్చి బల్ల దగ్గర కూర్చుంటుంది. అతడు భిలాయి-3లోనే ఉంటున్నాడు. ఆదివారం ప్రార్థన ముగించుకుని తొమ్మిదిన్నరకు, మిగిలిన రోజులలో ఏడు గంటలకు వస్తాడు.